ఆన్‌లైన్ వస్తువును తిప్పి పంపే ఖర్చు: ఏ దారిలో ఎంత, ఎవరి నెత్తిన

కిందటి దసరాకు ముందు ఒక ఆన్‌లైన్ దుకాణంలో మా అబ్బాయికి 449 రూపాయల చెప్పులు తెప్పించాము. డెలివరీ చార్జీ కింద మరో 60 రూపాయలు తీసుకున్నారు. సైజు సరిపోలేదు. వాపసు తీసుకుంటామని వాళ్ల పేజీలో రాసి ఉన్నది కనుక నేను నిశ్చింతగానే ఉన్నాను. మా కందుకూరు పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి తీసుకుపోయే ఏర్పాటు లేదనీ, మేమే సొంత ఖర్చుతో పంపుకోవాలనీ ఆ తరువాత తెలిసింది. కొరియర్ ఆఫీసులో కుర్రవాడు పెట్టెను కాటా మీద పెట్టి, దించి, మళ్లీ టేపుతో పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, "చెప్పుల బరువు కాదు సార్, పెట్టె సైజుకు కట్టాల" అన్నాడు. అక్కడ 130 రూపాయలు, అంతకుముందే అట్టపెట్టెకూ టేపుకూ 25 రూపాయలు. మూడు వారాలకు 449 రూపాయలు తిరిగి వచ్చాయి, మొదట కట్టిన 60 రాలేదు. అంటే 509 రూపాయలు ఇచ్చినవాళ్లకు చేతిలో మిగిలింది 294. చెప్పులు కాలికి తొడగకుండానే 215 రూపాయలు అరిగిపోయాయి.

ఆ తరువాత నుంచి మా వీధిలో ఎవరు ఏది తెప్పించుకోవాలన్నా, ధర చూసే ముందు తిప్పి పంపే ఖర్చు చూడమని చెబుతున్నాను. వస్తువు అసలు ధర అంటే తెర మీద కనిపించే అంకె ఒక్కటే అనుకోకూడదు. నచ్చకపోతే దానిని వదిలించుకోవడానికి అయ్యే ఖర్చును కూడా పక్కన వేసుకున్న తరువాతనే ఒక దుకాణాన్ని ఇంకొక దుకాణంతో పోల్చడానికి వీలవుతుంది. ఒకచోట 449, మరొకచోట 499 ఉన్నప్పుడు, రెండో దుకాణం తన మనిషినే పంపి ఉచితంగా తీసుకుపోయేదైతే, సైజు తేడా వచ్చే అవకాశమున్న వస్తువుకు ఆ రెండోదే చౌక.

ముందుగా తేల్చుకోవలసింది: ఏ కారణంతో తిప్పి పంపుతున్నాము

తిరుగు ఖర్చు ఎవరిదనే ప్రశ్నకు జవాబు చాలా వరకు ఈ కారణంలోనే ఉంటుంది. పగిలి వచ్చినది, పని చేయనిది, ఒకటి అడిగితే మరొకటి పంపినది, బొమ్మలో చూపినట్లు లేనిది ఒక తరగతి. రంగు నచ్చలేదు, సైజు పట్టలేదు, ఇంట్లో వాళ్లు వద్దన్నారు అనేవి రెండో తరగతి. ఈ రెండింటికీ చట్టం ఇచ్చే బలం ఒకటి కాదు.

మొదటి తరగతి విషయంలో కొనుగోలుదారు గట్టిగా నిలబడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపభూయిష్టమైనదైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదైనా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా అందినదైనా, విక్రేత దానిని వెనక్కి తీసుకోననడానికి గానీ డబ్బు ఇవ్వననడానికి గానీ వీలు లేదు. ఆలస్యం తుఫాను వంటి చేతిలో లేని కారణం వల్ల జరిగితే మాత్రం మినహాయింపు ఉంది. మన తీరప్రాంతంలో నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ మినహాయింపు మాట వినవలసి రావచ్చు. అదే చట్టం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో ఏ గడువూ లేకపోతే 30 రోజుల లోపల వెనక్కి తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. కనుక తప్పు విక్రేతదైనప్పుడు, పార్సిల్ ఖర్చు మీరే పెట్టుకొని పంపండి అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకూడదు. పికప్ పంపమని అడగాలి. వీలు కాదంటే, కొరియర్ ఖర్చు రసీదు చూపిస్తే తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా, అంటే యాప్‌లోని చాట్‌లోనో ఈమెయిల్‌లోనో, ముందుగా చెప్పించుకొని ఆ తరువాతనే పంపాలి. ఫోనులో చెప్పిన మాట రికార్డు కాదు.

రెండో తరగతికి మన దేశంలో అలాంటి సాధారణ హక్కు లేదు. లండన్‌లోనో జర్మనీలోనో ఉన్న మన పిల్లలు, అక్కడ ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లో ఏ కారణమూ చెప్పకుండా తిప్పి పంపవచ్చునని అంటుంటారు. అది నిజమే. వస్తువు ధరతో పాటు మొదట కట్టిన మామూలు డెలివరీ చార్జీ కూడా అక్కడ తిరిగి ఇవ్వాలి. అయినా తిప్పి పంపే తపాలా ఖర్చు మాత్రం, విక్రేత తాను భరిస్తానని ఒప్పుకుంటేనో, కొనేవాడిదని ముందుగా చెప్పకపోతేనో తప్ప, అక్కడ కూడా కొనుగోలుదారుదే. ఇక్కడైతే మనసు మార్చుకోవడానికి అవకాశం ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎన్ని రోజులు, ఎవరి ఖర్చుతో అనేది పూర్తిగా ఆ దుకాణం పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది. అయితే ఆ నియమాన్ని దాచిపెట్టే స్వేచ్ఛ దుకాణానికి లేదు. తిరిగి పంపే ఖర్చు వివరాలతో సహా వాపసు షరతులను స్పష్టంగా, సులభంగా కనిపించేలా చూపాలని పైన చెప్పిన నిబంధనలే విక్రేతను ఆదేశిస్తున్నాయి. ఒక చార్జీని మొదట చూపకుండా చివరి దశలో బయటపెట్టడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (అంటే కొనేవాడిని తప్పుదారి పట్టించే తెర మీది ఎత్తుగడల) మార్గదర్శకాలు నిషేధించాయి. కొనే ముందు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడానికి అర నిమిషం చాలు. తరువాత ఆ షరతులు మారిపోయినా మన దగ్గర పాతది ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న మాట. సైజు పట్టలేదన్న కారణాన్ని లోపం అని రాసి పంపేవాళ్లు ఉన్నారు. ఖర్చు తప్పుతుందన్న ఆశతో చేసే ఈ పని, వస్తువును తనిఖీ చేసిన తరువాత రిఫండ్ తిరస్కరణకు దారి తీయవచ్చు. అలా తిరస్కరించిన పెట్టె మళ్లీ మన ఇంటికే వస్తుంది. సైజు చార్టులో చెప్పిన సెంటీమీటర్లకూ వచ్చిన వస్తువుకూ తేడా ఉంటే మాత్రం అది నిజంగానే మొదటి తరగతి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపితే, రిటర్న్ ఖర్చు వాళ్ల ఖాతాలోకి పోతుంది. మా చెప్పుల విషయంలో నేను ఆ కొలత చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

పికప్ ఉన్న ఊరు, లేని ఊరు

పెద్ద యాప్‌లలో కొన్న వస్తువుకు పికప్ ఉచితంగా దొరుకుతుంటే ఇంకే పోలికా అవసరం లేదు, దానినే ఎంచుకోవాలి. సమస్య అంతా ఆ వసతి మన పిన్‌కోడ్‌కు ఉన్నదా లేదా అన్న దగ్గరే. జాతీయ రహదారి మీది నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వంటి చోట్ల ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట ఊళ్లకూ, కనిగిరి దాటి పామూరు వైపుకూ, నల్లమల అంచున యర్రగొండపాలెం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెలకూ వెళ్లే కొద్దీ సంగతి మారుతుంది. తెచ్చి ఇచ్చే ఏర్పాటు ఉన్నంత మాత్రాన తీసుకుపోయే ఏర్పాటు కూడా ఉన్నట్లు కాదు. ఈ రెండూ వేర్వేరు సేవలు. చాలా యాప్‌లలో పిన్‌కోడ్ కొట్టగానే డెలివరీ తేదీ వస్తుంది, దానిని చూసి తృప్తి పడకూడదు. రిటర్న్ గురించి ఉన్న వరుసను వేరుగా నొక్కి, అక్కడ పికప్ అని ఉందా, మీరే పంపాలి అని ఉందా చదవాలి.

పల్లెలో ఉండి పట్టణంలో పని చేసేవాళ్లకు ఒక సులువైన దారి ఉంది. వస్తువును మొదటనే పట్టణంలోని పని చోటుకో, బంధువుల ఇంటికో తెప్పించుకోవడం. సాధారణంగా వస్తువు ఎక్కడికి వచ్చిందో అక్కడి నుంచే తీసుకుపోతారు. కొన్న తరువాత చిరునామా మార్చడం కంటే కొనేటప్పుడే ఒంగోలులోని అన్నగారి చిరునామా ఇవ్వడం తేలిక. అయితే నచ్చిందో లేదో చూడవలసిన మనిషి అక్కడికి గడువులోగా వెళ్లగలగాలి. ఏడు రోజుల గడువున్న చీరను పదో రోజు పెళ్లికి వెళ్లినప్పుడు చూస్తే ప్రయోజనం లేదు.

పికప్ ఉచితమన్న మాటలో కూడా ఒక మెలిక ఉండవచ్చు. కొన్ని దుకాణాలు వచ్చి తీసుకుపోతాయి, కానీ రిఫండ్‌లో నుంచి కొంత మొత్తం పట్టుకుంటాయి. కొన్ని మొదటి డెలివరీ చార్జీని, క్యాష్ ఆన్ డెలివరీ రుసుమును వెనక్కి ఇవ్వవు. మరికొన్ని డబ్బుకు బదులు తమ దుకాణంలోనే వాడుకోవలసిన కూపన్ ఇస్తాయి. ఆ దుకాణంలో మళ్లీ కొనే ఉద్దేశం లేనివారికి కూపన్ అంటే డబ్బు చేతికి రానట్లే. కనుక ఉచిత రిటర్న్ అన్న రెండు మాటల దగ్గర ఆగకుండా, కట్టిన దాంట్లో ఎంత, ఏ రూపంలో తిరిగి వస్తుందో చదవాలి.

మనమే పంపవలసి వస్తే: పోస్టు, కొరియర్, బస్సు

ఈ మూడింటిలో ఏది చౌక అన్నది పెట్టె బరువును, పరిమాణాన్ని, చేరవలసిన ఊరిని బట్టి మారుతుంది. వీటిలో మనవాళ్లు పట్టించుకోనిది పరిమాణం.

కొరియర్ సంస్థలు రెండు బరువులు చూస్తాయి. కాటా మీద తూగేది ఒకటి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే కిలోల్లో వచ్చేది రెండోది. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. చెప్పుల పెట్టె 34 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 13 ఎత్తు అనుకుందాము. గుణిస్తే 9,724. 5000తో భాగిస్తే 1.94, అంటే దాదాపు 2 కిలోలు. చెప్పులు నిజానికి కిలో కూడా తూగవు. రెండు దిండ్లు వచ్చిన పెట్టె 50, 40, 30 సెంటీమీటర్లుంటే లెక్కకు 12 కిలోలవుతుంది, కాటా మీద మాత్రం రెండున్నర. దోసెల పెనం అయితే కథ తిరగబడుతుంది. 30, 30, 6 సెంటీమీటర్ల పెట్టె లెక్కకు ఒక కిలో పైచిలుకే గానీ, ఇనుప పెనం బరువు రెండు కిలోలు తూగితే ఆ రెండు కిలోలకే కట్టాలి. దిండ్లు, బొమ్మలు, ప్లాస్టిక్ డబ్బాలు, దీపాల షేడ్లు వంటి ఊదుడు సరుకును సొంత ఖర్చుతో తిప్పి పంపవలసిన దుకాణంలో కొనవద్దని నేను సలహా ఇవ్వడానికి కారణం ఇదే.

పెట్టెను చిన్నది చేయడం కొంత వరకు మన చేతిలో ఉన్న పని. బట్టలు పెద్ద అట్టపెట్టెలో వచ్చినా, వాటిని మడిచి మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపవచ్చు. అరకిలో, కిలో అని మెట్లుగా ఉండే రేట్లలో 520 గ్రాములు తూగితే తరువాతి మెట్టు పడుతుంది కనుక, నింపిన కాగితాలను తగ్గిస్తే ఒక్కోసారి కింది మెట్టుకు దిగుతుంది. అయితే తయారీదారు పెట్టెను, దాని మీది లేబుళ్లను, ట్యాగులను తీసేయకూడదు. అవి లేకపోతే చాలా దుకాణాలు వాపసు ఒప్పుకోవు. గాజు సామానుకు నింపుడు తగ్గించడం ఎవరికీ మేలు చేయదు.

పోస్టాఫీసు గురించి ముందు ఒక సంగతి చెప్పాలి. రిజిస్టరు చేసి పంపండి అని అడిగే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టుకే అదనంగా కొద్ది రుసుము కట్టి రిజిస్ట్రేషన్ సేవ తీసుకోవచ్చు, అప్పుడు ఫలానా వ్యక్తికే అందజేస్తారు. 2025 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం ఊరు దాటి వెళ్లే 50 గ్రాముల స్పీడ్ పోస్టు ఉత్తరానికే 47 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 55 రూపాయలు దాటుతుంది. కాగితాలకే ఇంత అయినప్పుడు, వస్తువులున్న పెట్టెకు పార్సిల్ రేటు ఎంతవుతుందో కౌంటరులో తూచి అడిగిన తరువాతనే నిర్ణయించుకోవాలి. తొందర లేనప్పుడు, స్పీడ్ పోస్టు కాకుండా మామూలు పార్సిల్ రేటు కూడా అడగడం మరిచిపోకూడదు. అడగకపోతే చెప్పే తీరిక కౌంటరులో ఉన్నవాళ్లకు ఉండదు, వెనుక వరుస అలా ఉంటుంది.

పోస్టుకు ఉన్న బలం దాని విస్తరణ. కొరియర్ ఆఫీసు కోసం పామూరు నుంచి కనిగిరికో, వింజమూరు నుంచి కావలికో బస్సెక్కవలసిన మనిషికి, ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసులోనే బుక్ చేయగలిగితే రానుపోను చార్జీలూ, సగం రోజు కూలీ మిగులుతాయి. ఖర్చు లెక్కలో ఇవి కూడా వేయాలి. 20 రూపాయలు చౌకగా పంపడానికి 80 రూపాయల బస్సు చార్జీ పెట్టుకున్నవాళ్లను నేను చూశాను. ఇంకొక కారణం కూడా ఉంది. తిరిగి పంపవలసిన చిరునామాగా కొందరు విక్రేతలు పోస్టు బాక్సు నంబరు ఇస్తారు. అలాంటి చిరునామాకు తపాలా శాఖ తప్ప ప్రైవేటు కొరియర్ చేర్చలేదు. చిరునామా చూడకుండా కొరియర్‌కు ఇస్తే పెట్టె తిరిగి వస్తుంది, కట్టిన డబ్బు రాదు.

కొరియర్‌కు ఉన్న బలం నగరాలలో వేగం, బేరం. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఒకటికి రెండు ఆఫీసులు అడిగితే అదే పెట్టెకు రెండు ధరలు వినిపిస్తాయి. మన జిల్లాలకు చెన్నై దగ్గర కనుక తమిళనాడు వైపు వెళ్లే పెట్టెకు ఒక సంస్థ తక్కువ చెప్పవచ్చు, ఢిల్లీ వైపు వెళ్లే పెట్టెకు అదే సంస్థ ఎక్కువ చెప్పవచ్చు. చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందా, ఇంటి గడపకు చేరుస్తారా లేక అక్కడి ఆఫీసుకు వచ్చి తీసుకోవాలా అన్న రెండు ప్రశ్నలు అడిగితే, తక్కువ ధర ఎందుకు తక్కువగా ఉందో తెలిసిపోతుంది. రసీదు మీద వస్తువు పేరు, విలువ రాయించాలి. డాక్యుమెంట్లు అని రాసేసి పంపితే పోయినప్పుడు అడగడానికి ఆధారం ఉండదు. పోస్టులోనైనా కొరియర్‌లోనైనా, ప్రత్యేకంగా బీమా చేయించకపోతే పోయిన పెట్టెకు వచ్చే పరిహారానికి పరిమితి ఉంటుంది, వస్తువు పూర్తి విలువ వస్తుందని అనుకోకూడదు. ఐదారు వేల రూపాయల ఫోనో చేతి గడియారమో సొంతంగా పంపవలసి వస్తే బీమా రుసుము అదనపు ఖర్చుగా అనిపించినా కట్టడమే మేలు. బ్యాటరీ ఉన్న వస్తువులనూ, అత్తరు సీసాలనూ విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి కనుక, లోపల ఏముందో చెప్పకుండా ఇచ్చి దారిలో ఆగిపోయేలా చేసుకోవద్దు.

ఆర్టీసీ బస్సు కార్గోను పెద్ద యాప్‌ల వాపసుకు వాడే వీలు లేదు, వాళ్ల గోదాముకు అది చేరదు. కానీ మన దగ్గర ఇంకొక రకం ఆన్‌లైన్ వ్యాపారం ఉంది. వెంకటగిరి, చీరాల, మంగళగిరి చేనేతలు, చిన్న దుకాణదారులు వాట్సాప్‌లో చీర బొమ్మలు పెట్టి అమ్ముతారు. అటువంటి వారితో లావాదేవీకి బస్టాండులో ఇచ్చి అక్కడి బస్టాండులో తీసుకోమనడం చాలా సందర్భాలలో సరిపోతుంది. ఉదయం ఇచ్చిన కట్ట సాయంత్రానికి చేరుతుంది. అవతలివారు బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవడానికి ఒప్పుకోవాలి, అంతే. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. నేత చీరలో అక్కడక్కడ కనిపించే చిన్న ముడి, అంచు దగ్గర కాస్త రంగు తేడా లోపాలు కావు, చేతి పని గుర్తులు. వాటిని చూపి చీర తిప్పి పంపి, ఆ పైన పార్సిల్ ఖర్చు కూడా ఇమ్మనడం న్యాయం కాదు. కొనే ముందే వీడియో కాల్‌లో చీర మొత్తం విప్పి చూపమంటే ఎవరూ కాదనరు.

రెండు ధరలలో ఏది

మీషో యాప్‌లో కొన్ని వస్తువులకు రెండు ధరలు కనిపిస్తాయి. తక్కువ ధరకు కొంటే లోపమున్నప్పుడు, వేరే వస్తువు వచ్చినప్పుడు మాత్రమే తిరిగి తీసుకుంటారు. కొంచెం ఎక్కువ ధరకు కొంటే ఏ కారణంతోనైనా తీసుకుంటారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. తిరుగు ఖర్చు ఎంతో, దానిని ఎవరు మోస్తున్నారో కొనే ముందే ఎదురుగా పెడుతున్నది. చాలామంది మాత్రం ఆలోచించకుండా తక్కువ ధరనే నొక్కుతారు.

ఇందులో ఎంచుకోవడానికి మన అనుభవమే కొలమానం. 400 రూపాయల కుర్తీకి రెండు ధరల మధ్య తేడా 30 రూపాయలు అనుకుందాము. మన ఇంట్లో ఇంతకుముందు కొన్న పది కుర్తీలలో ఎన్ని సరిపోక బీరువాలో పడి ఉన్నాయో లెక్కపెట్టాలి. రెండు ఉంటే, సగటున ఒక్కో కుర్తీ మీద 80 రూపాయలు పోతున్నట్లు. అప్పుడు 30 రూపాయలు అదనంగా కట్టడమే లాభం. పదింటిలో ఒక్కటీ అలా పడి లేకపోతే ఆ 30 వృథా. స్టీలు గిన్నెలు, దుప్పట్లు, ఫోను కవర్లు, చీపుర్లు వంటి వాటికి సైజు బెడద లేదు కనుక తక్కువ ధరకే వెళ్లవచ్చు. చెప్పులు, రెడీమేడ్ జాకెట్లు, పిల్లల బట్టలు, జీన్సు ప్యాంట్లు అయితే ఎక్కువ ధర నొక్కడానికి వెనుకాడకూడదు. కొత్త బ్రాండు అయితే మరీను, ఒక్కొక్కరి 8 నంబరు ఒక్కో తీరుగా ఉంటుంది.

అసలు తిప్పి పంపకపోవడం

పంపడానికి అయ్యే మొత్తం, తిరిగి వచ్చే మొత్తంలో సగానికి దగ్గరపడుతుంటే నేను పంపను. ఇది చట్టం చెప్పిన హద్దు కాదు, నాకు నేను పెట్టుకున్నది. 250 రూపాయల టీషర్టుకు 120 కొరియర్ ఖర్చు, మొదటి డెలివరీ చార్జీ 40 పోతే, చేతికి వచ్చేది 130. దానికోసం రెండుసార్లు తిరిగి, మూడు వారాలు ట్రాకింగ్ చూసుకోవడం కంటే, విక్రేతను కొంత డబ్బు తగ్గించి ఇవ్వమని అడగడం మంచిది. చిన్న మచ్చ ఉన్నా, బొత్తాం ఊడి వచ్చినా, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, ఇంత వెనక్కి ఇస్తాము అని ఒప్పుకునేవాళ్లు లేకపోలేదు. వాళ్లకు కూడా తిరుగు రవాణా నష్టమే. కొంచెం వదులైన కుర్తీని వీధి చివరి టైలరు దగ్గర కుట్లు వేయిస్తే 40, 50 రూపాయలతో పోతుంది. బిగుతైనది అయితే టైలరు కూడా ఏమీ చేయలేడు, అందువల్ల అనుమానం ఉన్నప్పుడు ఒక సైజు పెద్దది తెప్పించుకోవడం ఖర్చు తగ్గించే పద్ధతే.

డబ్బు వాపసు బదులు మార్పిడి అడిగితే పికప్ మనిషే కొత్త సైజు తెచ్చి పాతది తీసుకుపోయే దుకాణాలు ఉన్నాయి. సొంత ఖర్చుతో పంపవలసిన దుకాణాలలో మాత్రం, మార్పిడిలో కొత్త వస్తువుకు మళ్లీ డెలివరీ చార్జీ అడుగుతారేమో ముందుగా తెలుసుకోవాలి. అలా అయితే మూడుసార్లు రవాణా ఖర్చు పడుతుంది.

ఈ పోలికలో ఊళ్లోని దుకాణాన్ని కూడా చేర్చాలి. బజారులో అదే చెప్పుల జత 520 రూపాయలు చెబితే, ఆన్‌లైన్‌లోని 449కి 60 డెలివరీ కలిపినప్పుడు తేడా 11 రూపాయలే. అక్కడ కాలికి తొడిగి చూస్తాము, మరునాడు బిల్లు తీసుకొని వెళ్తే మార్చి ఇస్తారు, పోస్టు ఖర్చు సున్నా. ఆన్‌లైన్ వ్యతిరేకిగా ఈ మాట అనడం లేదు. మా ఇంట్లో మిక్సీ విడిభాగాల నుంచి పుస్తకాల దాకా చాలావరకు అక్కడి నుంచే వస్తాయి, ఎందుకంటే అవి ఇక్కడ దొరకవు, వాటికి సైజు తగాదా కూడా లేదు.

పంపిన తరువాత

పెట్టె తెరిచేటప్పుడు చిరునామా లేబుల్ కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయడం ఇప్పుడు చాలామంది నేర్చుకున్నారు. తిప్పి పంపేటప్పుడు కూడా అంతే అవసరమని తక్కువ మందికి తెలుసు. వస్తువును లోపల పెడుతున్నట్లు, టేపు వేస్తున్నట్లు, కాటా మీద అంకె కనిపిస్తున్నట్లు తీసిన వీడియో, ఖాళీ పెట్టె వచ్చిందని అవతలివారు అన్న రోజున పనికి వస్తుంది. రిటర్న్ నంబరు రాసిన కాగితం లోపల ఒకటి, పైన ఒకటి ఉండాలి. రసీదు మీది సిరా కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు కనుక దానిని ఫోటో తీసి ఉంచుకోవాలి. పికప్ మనిషి వచ్చినప్పుడు ఆయన ఫోనులో తీసుకున్నట్లు నమోదైన సందేశం మనకు వచ్చే వరకు పెట్టెను ఇవ్వకపోవడం మర్యాదకు లోటేమీ కాదు.

రిటర్న్ రుసుము కింద ఐదు రూపాయలు ఈ లింకులో కట్టండి అని ఫోను వస్తే అది మోసమని ధైర్యంగా అనుకోవచ్చు. రిఫండ్ రావడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ లేదు. పొరపాటున కట్టి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

విక్రేత తప్పు ఉండీ తిరుగు ఖర్చు ఇవ్వనన్నా, రిఫండ్‌లో చెప్పకుండా కోత వేసినా, ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 48 గంటలలో అందినట్లు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి అని నిబంధన. అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. విక్రేత సూరత్‌లో ఉన్నా గురుగ్రామ్‌లో ఉన్నా, మనం నివసించే చోటనే, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో ఫిర్యాదు వేసుకునే హక్కును 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉన్న ఫిర్యాదుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. 130 రూపాయల కొరియర్ ఖర్చుకు ఎవరు అంత దూరం వెళ్తారని అడగవచ్చు. నేనూ వెళ్లలేదు. కానీ 1915కి ఫోను చేయడానికి ఖర్చేమీ లేదు. పక్కింటి పాప విషయంలో, చిరిగి వచ్చిన లంగాఓణీకి తిరుగు ఖర్చు ఇవ్వనన్న విక్రేత, ఆ ఫిర్యాదు నంబరు చాట్‌లో పెట్టిన నాలుగో రోజున పికప్ మనిషిని పంపాడు.